ఎడం చేత్తో ఇచ్చిన కాఫీ

మా వదిన పోయింది. సోమవారం పొద్దున్న రాజాంలో నా మెకానిక్ షాపు షట్టరు సగం ఎత్తానో లేదో, ఆమె పక్కింటావిడ ఫోన్ చేసింది. వంటింట్లో పడిపోయి ఉన్నాది, తొందరగా రమ్మంది. చేతికున్న గ్రీజు తుడుచుకోకుండా బండి తీశాను. ఆసుపత్రికి చేర్చేసరికే ఒళ్ళు చల్లబడిపోయింది. పక్షవాతం, తలలో నరం అన్నాడు డాక్టరు. ఆమెకి అరవై నాలుగేళ్ళు.

మన సంఘ పత్రికకి ఇంతవరకు చాలని, ఒక ఫొటో వేసి కింద ‘ప్రభువునందు నిద్రించిరి’ అని రాస్తే సరిపోతుందని పత్రిక చూసుకునే తమ్ముడు అన్నాడు. ఎక్కువ రాయాలనుంటే కోపం తగ్గాక రాయమన్నాడు. కోపం తగ్గాక రాస్తే అందులో సగం అబద్ధం ఉంటుంది. అందుకని ఇప్పుడే రాస్తున్నాను. చదివి బాధపడేవాళ్ళు పడండి.

జ్ఞాపకార్థ కూడికలో ఏం జరిగిందో మీలో చాలామంది చూశారు. పాట అయింది, ప్రార్థన అయింది, సంఘ పెద్ద ఒకాయన లేచాడు. మనిషి మంచిదేనట. కానీ ఒంటరిగా బతికే ఆడమనిషికి ఆ కాఫీ మిషను దేనికట, పొద్దున్నే ఆ నల్లకాఫీ దేనికట, ఆ కాఫీయే ఆమెని తినేసిందట. చాపల మీద కూర్చున్నవాళ్ళ తలలు చాలా ఊగాయి. ఆ పెద్దాయన ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె వరండాలో కూర్చుని అదే నల్లకాఫీ రెండోసారి అడిగి మరీ తాగినవాడు. నేను కూర్చోలేకపోయాను. నోట్లోకి పోయేది కాదు, నోట్లోంచి వచ్చేదే మనిషిని పాడు చేస్తుందని ప్రభువు చెప్పింది మర్చిపోయావా అని అందరి ముందూ అడిగాను. బైబిల్లో అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న ఆ నీతిమంతుణ్ణి ఓదార్చడానికి వచ్చి, తప్పంతా నీదే అని తేల్చిన స్నేహితుల్లో నువ్వెన్నోవాడివి అని అడిగాను. ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. బాగా కడిగేశావని తర్వాత ఇద్దరు ముగ్గురు నా భుజం తట్టారు. తట్టిన చోట ఇంకా మండుతోంది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆమె కాఫీ సంగతి చెప్పాలి.

మా అన్న పోయి పన్నెండేళ్ళు. వదిన గవర్నమెంటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. ఉద్యోగంలో సగం ఏజెన్సీ కొండల మీదే గడిచింది, మలేరియా రోజుల్లో. వేలికొస పొడిచి తీసిన రక్తపు చుక్కని గాజు పలక మీద పరచడం ఆమె పని. ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా పరిస్తే జబ్బు కనపడదు. జ్వరంతో వచ్చిన మనిషి ఏమీ లేదన్న కాగితం పట్టుకుని కొండెక్కేస్తాడు. అలా ఒక చూలింత పోయిందట. ఆ పలక పరిచింది ఇంకెవరో. కానీ తర్వాత దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి మళ్ళీ చూసింది వదిన. ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పింది, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, నా మొహం చూడకుండా.

కాఫీ తాగడం ఆ కొండల మీదే నేర్చింది. రిటైరయ్యాక, విజయనగరంలో నర్సుగా ఉన్న కూతురు ఒక చిన్న ఎస్‌ప్రెస్సో మిషను తెచ్చిచ్చింది. గింజలు పాడేరు నుంచి వచ్చేవి. షాపుకి వెళ్ళే దారిలో రోజూ ఆరింటికి నాకక్కడ ఒక కప్పు.

పద్దెనిమిది గ్రాముల గింజలు తూచేది. మీద ఒక్క చుక్క నీళ్ళు చిలకరించేది, లేకపోతే పొడి మరకి అంటుకుంటుంది. చేతిమరలో తిప్పి, పిడి ఉన్న చిన్న గిన్నెలో పోసేది. ఆ గిన్నెకి అడుగున సన్నటి జల్లెడ, అంతే. మిషను పైనుంచి వేడినీళ్ళని ఒత్తిడితో తోస్తే పొడిలోంచి దూరి కింద కప్పులో పడతాయి. మెత్తటి పొడి కదా, గడ్డలు కడుతుంది. మొదటి రోజు ఆమె వాటిని పుల్లతో విడదీస్తుంటే చూసి నేను నవ్వాను. పైన బొటనవేలితో చదును చేసి, పొడి అణచడానికి మిషనుతో వచ్చిన దిమ్మతో గట్టిగా నొక్కేస్తే పోయేదానికి ఇంత తతంగమేటి అన్నాను. నాకు తెలిసిన పద్ధతి అదే, బోల్టు బిగించినా, వాక్యం చెప్పినా. అయితే నువ్వే నొక్కు అంది. నొక్కాను, వంటింటి గట్టు అదిరింది. మిషనుకి తగిలించి మీట వేస్తే, గిన్నె అడుగున ఒక పక్కనుంచి సూదిలాంటి ధార ఎగిరి నా తెల్లచొక్కా మీద పడింది. క్షణాల్లో కప్పు నిండిపోయింది. తాగితే పులుపూ చేదూ రెండూ ఒకేసారి.

“గడ్డ మీద నొక్కితే గడ్డ పోదు, గట్టిపడతాది,” అంది. “నీళ్ళు దాన్ని తప్పుకుని పక్కన సందు సూసుకుంటాయి. సందు దగ్గర పొడి మాడిపోతాది, మిగతాది సరిగ్గా తడవనే తడవదు. నీళ్ళది తప్పు కాదు మరిదీ, పరిసినోడిది.”

నా షాపుకొచ్చి ఒక కొత్త క్లచ్ వైరు పట్టుకెళ్ళింది. దాని పురి విప్పి, లోపలి సన్నటి తీగలు ఆరు కోసి, సబ్బునీళ్ళలో మరిగించి, సీసా బిరడాకి గుచ్చింది. ఆ తీగల కొసలతో పొడిని అడుగునుంచి పైకి చిన్న చిన్న సున్నాలు చుడుతూ కదిపేది. గడ్డలు విడిపోయి పొడి దూదిలా పొంగేది. గిన్నెని అరచేత్తో రెండుసార్లు తట్టి, పొడి దానంతటది సర్దుకున్నాక, దిమ్మ నిటారుగా పెట్టి ఒక్కసారి నొక్కేది. అందులో కోపం ఉండేది కాదు. ముప్పై సెకన్లకి అటూ ఇటూగా, గిన్నె నడిమధ్య నుంచి తేనె రంగు ధార. రోజూ అదే కప్పు, అదే రుచి. అయ్యీ అవగానే గిన్నెలోని పొడిబిళ్ళ తట్టి పారేసి కడిగి బోర్లిస్తేగాని తన కప్పు ముట్టుకునేది కాదు.

ఒకసారి విసుగొచ్చి అడిగాను, ఒక రోజు అటూ ఇటూ అయితే ఏటి మునిగిపోతాదని.

“రోజూ ఒకేలా సేస్తే, తేడా వచ్చిన రోజు తెలుస్తాది. రోజుకోలా సేసినోడికి ఏది జబ్బో ఏది అలవాటో ఏటి తెలుస్తాది?”

ల్యాబులో నేర్చిన మాట. నాతో ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు.

లోయలు లేవాలి, మెట్టలు దిగాలి, ప్రభువు వచ్చే దారి సమం కావాలన్న ప్రవక్త మాట మీద నేను ఒక ఆదివారం గంటసేపు చెప్పాను, గుర్తుందా? ఆ గిన్నె, ఆ పొడి, నా షాపు తీగలు అన్నీ పెట్టి చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు. వదిన వరండాలో కప్పు చేతికిస్తూ అంది: “బాగున్నాది గానీ, నీ అరుపంతా ఆడోళ్ళు కూకున్న పక్కే పడతాది. వోళ్ళు మాడిపోయారు. మగోళ్ళు పొడిపొడిగా ఇంటికెల్లిపోయారు.” నేను బైబిలు కాలేజీ గుమ్మం తొక్కినవాణ్ణి కాదు. ట్యూబులకి పంక్చర్లు వేస్తూ, పక్కన గ్రంథం తెరిచి పెట్టుకుని నేర్చుకున్నవాణ్ణి. నన్ను దిద్దడానికి గురువు లేడు. ఉన్నది ఆమె ఒక్కతే. ఆ తర్వాతి వారం నుంచి మగవాళ్ళ పక్కకి తిరిగి చెప్పడం మొదలుపెట్టాను. మీలో కొందరికి అప్పట్నుంచే నేనంటే గిట్టడం లేదు. ఆ మేలు ఆమెదే.

ఇప్పుడు అసలు సంగతి.

ఆమె పోయే ముందు శుక్రవారం కాఫీ పుల్లగా వచ్చింది. ధార ఒక పక్కకి కొట్టింది. గింజ కొత్తది అంది. శనివారం మర బిగించి పొడి ఇంకా మెత్తగా పట్టి చూసింది, అయినా అంతే. అన్నీ అనుమానించింది, గింజని, మరని, నీళ్ళని. చేతిని అనుమానించలేదు. లేదా అనుమానించి నాకు చెప్పలేదు. ఆదివారం నేను ప్రసంగానికి ఇస్త్రీ బట్టలేసుకుని వెళ్ళాను. గట్టు మీద పొడి ఒలికి ఉంది. ఆ ఇంట్లో పొడి ఒలకడం నేనెప్పుడూ చూడలేదు. కప్పు తెచ్చి ఎడం చేత్తో ఇచ్చింది.

“ఎడం సేత్తో ఇస్తన్నావేటి వదినా, నీకంత లోకువయిపోయానా?” అన్నాను.

“కుడి సెయ్యి పడుకున్నాది,” అంది. “లేస్తాది.”

ఆదివారం పూట చేతికి కూడా సెలవేటి అన్నాను. నవ్వింది. ఆ నవ్వు కూడా ఒక పక్కకే వచ్చిందేమో. నేను చూడలేదు, నా కాగితాలు సర్దుకుంటున్నాను. సగం కప్పు వదిలేసి, ముసలిదానివైపోయావు, కొలతలు మర్చిపోతన్నావు అని లేచి వచ్చేశాను. ఎడం చేత్తో ఇవ్వడం మర్యాద కాదని మనకి పుట్టినప్పట్నుంచీ తెలుసు. ఎందుకిచ్చిందో అడగాలని మాత్రం నాకు తోచలేదు.

ఆ రోజు నేను చెప్పిన వాక్యం ఏది? ఆకాశం రంగు చూసి రేపటి వాన చెప్పగలిగేవాళ్ళకి కాలపు గుర్తులు ఎందుకు కనపడవని ప్రభువు అడిగిన చోటు. బల్ల గుద్ది చెప్పాను. గుడ్డివాళ్ళని మిమ్మల్ని తిట్టాను. ఆమె మూడో వరసలో కూర్చుని, కుడి చేతిని ఎడం చేత్తో ఒళ్ళో పట్టుకుని, వింది.

సోమవారం ఆరింటికి, మళ్ళీ ఆ పుల్లకాఫీ ఎందుకని ఆమె వీధి తప్పించి నేరుగా షాపుకి పోయాను.

ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు, ఈ నాలుగు రోజుల్లో చెయ్యి తిమ్మిరెక్కడం గానీ పట్టు తప్పడం గానీ ఉందా అని. ముందే తీసుకొస్తే అని ఏదో అనబోయి ఆగాడు. అప్పటికి విజయనగరం నుంచి వచ్చిన కూతురు నా పక్కనే ఉంది. నాకు తెలీదన్నాను. ఆ అబద్ధం మీద నిలబడే నేను కూడికలో పెద్దాయన మీద అరిచాను. నేను ఆయనతో అన్నది వెనక్కి తీసుకోను. ఆమెని కాఫీ చంపలేదు. కాఫీ మూడు రోజులు చెప్పింది. ఆ ఇంట్లో ఆమె కాక దాన్ని రోజూ తాగేవాణ్ణి నేనొక్కణ్ణే. మీ అందరికీ గుర్తులు విప్పి చెప్పే నా నాలుక మీదే ఆ పులుపు పడింది.

ఇది అచ్చుకి ఇచ్చే ముందు విజయనగరం వెళ్ళి అమ్మాయికి చెప్పాను. గుమ్మంలోనే నిలబడి వింది. “ఏ సెయ్యి సిన్నాన్నా?” అని అడిగింది. కుడిది అన్నాను. నర్సు కదా, ఆ ఒక్క మాట చాలింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు తట్టే హక్కు నాకు లేదు.

మొన్న ఇల్లు తుడవడానికి తాళం తీశాను. మిషను పక్కన నా కప్పు బోర్లించి ఉంది. తీగల బిరడా నేల మీద పడి ఉంది. గిన్నె మిషనుకే తగిలించి ఉంది, సోమవారం పొద్దుటి పొడిబిళ్ళ లోపలే. విప్పి అరచేతిలోకి తట్టాను. ఎండిపోయి, ఒక పక్క మెట్టగా, ఒక పక్క లోయగా ఉంది. అంచు దగ్గర, నీళ్ళు దూసుకుపోయిన చోట, సూది పట్టేంత కన్నం. కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే అందులోంచి అవతలి వెలుగు కనబడింది.