అవ్వ ఒడిలో కాయం ఉండలు

మొన్న మా అమ్మాయి కాన్పయి ఇంటికొచ్చిందో లేదో, అల్లుడు ఫోనులో తెప్పించిన, బాలింతలకు పెట్టే కాయం డబ్బా గుమ్మంలోకి వచ్చేసింది. మూత తీయగానే శొంఠి, పిప్పళ్లు, బెల్లం, నెయ్యి కలిసిన ఘాటు ముక్కుకు తగిలి, నేను మళ్లీ నాపరాళ్ల గనుల బేతంచెర్లలో పచ్చి బాలింతనైపోయాను. మన వయసు ఆడవాళ్లకు ఆ వాసన గురించి వేరే చెప్పనక్కర లేదు.

అమ్మ చిన్నప్పుడే పోవడంతో నా తొలికాన్పు భారమంతా అమ్మను కన్న అవ్వదే. కాన్పు సుళువుగా అయింది, పాప బొద్దుగా ఉంది, ఇక పరవాలేదనుకునేసరికి పొట్ట పైభాగాన మొదలైన నొప్పి వీపులోకి పొడుచుకుపోయి, ఏం తిన్నా వాంతయ్యేది. అవ్వ లెక్కలో బాలింతకు ఏ నొప్పి వచ్చినా వాయువే, వాయువుకు మందు కాయమే. అందుకని నేను కక్కినకొద్దీ ఆమె నెయ్యి పెంచి మరో ఉండ చేసేది. చివరికి నేను మెలికలు తిరిగిపోతుంటే, నాపరాళ్ల లారీలో ముందు కూర్చోబెట్టి కర్నూలు ఆసుపత్రికి చేర్చారు.

కడుపుతో ఉన్నప్పుడు పిత్తాశయంలో చేరిన చిన్న రాయి జారి, దారికి అడ్డుపడి, క్లోమం వాచిందనీ, బాలింతలకు ఇది అరుదుగా వస్తుందనీ, ప్రాణం మీదికి రావచ్చనీ డాక్టరు చెప్పారు. బేతంచెర్ల పిల్ల కడుపులో రాయి కాక మరేముంటుందని నవ్వించబోయారు గానీ, నోట్లో చుక్క నీళ్లు కూడా పోయొద్దనేసరికి అవ్వ భగ్గుమంది.

"పచ్చి బాలింతను పస్తు పెడితే పేగులెండిపోవా? ఇదేం వైద్యమప్పా?"

ఆ సాయంత్రమే ఆమె ఒడిలో దాచిన కాయం ఉండలు నర్సమ్మ కంటపడ్డాయి. నెయ్యి చుక్క పడినా మనవరాలు దక్కదని డాక్టరు మెల్లగా నచ్చజెప్పారు. అవ్వ ఉండలను మళ్లీ ఒడిలో కట్టుకుని, నా మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"సరేలేప్పా. అది తినేదాకా నేనూ తినను."

అన్నట్టే మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. ఇంటి దగ్గర వదిలొచ్చిన పాపను మళ్లీ ఎత్తుకోకుండానే పోతానేమోనని నాకు లోపల ఒకటే భయం. పైకి మాత్రం, ఇంటికి పోగానే ఉగ్గాని బజ్జీ ముందెవరు తినాలని ఇద్దరం వాదులాడుకునేవాళ్లం.

నొప్పి తగ్గి, డాక్టరు గంజి తాగమన్న పొద్దున, అవ్వ చెంచాతో పోసి, అది కడుపులో నిలిచేదాకా నా మొహమే చూస్తూ కూర్చుంది. తర్వాత ఒడి విప్పింది.

"ఇంగ నాకు శానా ఆకలైతాండాదే" అని, ఎండి గట్టిపడిన ఉండను ఉన్న నాలుగు పళ్లతో కొరికింది.

ఇప్పుడు స్కానింగులో రాయి ముందే కనిపిస్తుంది, అది మంచిదే. డబ్బా మీద ఎంత తినాలో కూడా అచ్చేశారు. మా అమ్మాయి సగం ఉండ తిని చాలంది, మిగిలిన సగం నేను నోట్లో వేసుకున్నాను, బాగానే ఉంది. అవ్వ చేసిన కాయం ఉండ ఒక్కటీ నా కడుపులో నిలవలేదు. ఆ పొద్దున ఆమె నములుతుంటే చూసి మాత్రం నా కడుపు నిండింది. ఈ డబ్బా నిండా ఉండలున్నాయి, ఎదురుగా కూర్చుని నమిలే అవ్వ లేదు.