సముద్రపు సుడులు చదివిన మా మామ

ఐతారం పొద్దుగాల ఫోన్ వచ్చింది. మా మేనమామ పోయిండన్నరు. నిద్రలనే పోయిండట. తొంభై దాటిన మనిషి, నాకు ఏడుపు రాలే. కొల్లాపూర్ దిక్కు పుట్టినాయిన బతుకంత సముద్రంకాడ ఎందుకున్నడో మాత్రం నలుగురికి చెప్పాలె అనిపించింది.

పోలీస్ యాక్షన్‌కు ముంగటి వానకాలం. మా నాయిన నిజాం మీద కొట్లాడే సంఘమోళ్లకు బువ్వ పెట్టిండని రజాకార్లు మా ఇల్లు కాలవెట్టిండ్రు. నాయిన, అమ్మ, అమ్మ తమ్ముడైన మామ, ముగ్గురు కృష్ణ దాటి రజాకార్లు లేని ఆవలి ఒడ్డుకు పోదామని గుండ్రటి పుట్టి పడవ ఎక్కిండ్రు. నేనింక అమ్మ కడుపులున్న. ఏటి నడుమ పుట్టి సుడిల చిక్కింది. తెడ్డేసేటాయిన చేతులెత్తేసిండు. పుట్టి గిర్రున తిరగవట్టింది. "బరువు తగ్గితె బయటపడతది. మీ అక్కను పట్టుకో" అని మామతోని అని నాయిన నీళ్లల్లకు దుంకిండు. మళ్ల కనపడలే. సుడి తిరుక్కుంట జరిగి, బండల మీద నీళ్లు పలచగున్న జాగకొచ్చి మెత్తవడ్డది. పుట్టి నిలవడ్డది.

యాక్షన్ అయినంక ఊరిడిసినోళ్లు తిరిగొచ్చిండ్రు. అమ్మ ఏటిపొంటి ఊర్లన్ని తిరిగి అడిగింది. ఎవ్వలు చూడలేదన్నరు. "నీళ్లల్ల పడ్డ మనిషి ఏడికి పోతడు తమ్ముడూ?" అని మామను అడుగుతుండె. 

ఆ మాటకు జవాబు కోసమే మామ చదివిండని నేననను. చదువంటె ఆయినకు ముందునుంచే పాణం. కాని సముద్రం గురించి చదివే చదువొకటి ఉన్నదని తెలిసినంక ఇంకో దిక్కు చూడలే. అదే చదివి, సముద్రం ఒడ్డు పట్నంల కాలేజీ పంతులై ఆడ్నే ఉండిపోయిండు. నన్ను బళ్లె చేర్పించింది, నా పెండ్లి చేసింది ఆయినే. సెలవులకు పోతె సుడుల ముచ్చట్లు చెప్పేటోడు.

"సముద్రంల జిల్లాలంత సుడులుంటయి బిడ్డా. తీరం ముంగట తక్కువ లోతు నేల చానా దూరం పరుచుకొని ఉంటది. పుస్తకాలల్ల ఖండతీరపు అంచు అంటరు. అది దాటినంక లోతు ఒక్కసారే దిగుతది. నడి సముద్రంల నెలల తరబడి తిరిగొచ్చిన సుడి గీ మెట్టుకాడ ఆగుతది. ఎక్కలేక పక్కకు జరుగుతది. జరుగుతుంటె దాని అంచు చినిగి, గా నీళ్లు గీ నీళ్లల్ల కలుస్తయి."

కాలేజీల పాఠం సుత గిట్లనే చెప్పేటోడట. ఆయిన తెలంగాణ మాటకు పిల్లలు నవ్వితె, "నవ్వుండ్రి, గని సమజైందా?" అనేటోడట. చాయ్‌ల చక్కెర కలిపినంక, తిరుగుడు ఆగేదాక కప్పు ముట్టకపోతుండె. ఎన్నడు వేడి చాయ్ తాగంగ చూడలే.

అమ్మకు డెబ్భై ఏండ్లు దగ్గరికొచ్చినప్పుడు, సముద్రం చూపిస్తనని పిలిచిండు. ముగ్గురం ఇసుకల కూసున్నం. ఉన్నట్టుండి అమ్మ అడిగింది.

"తమ్ముడూ, మీ బావ దుంకకుంటె ఏమైతుండె?"

చెప్పొద్దన్నట్టు మామ దిక్కు చూసిన. ఆయిన నన్ను చూడలే.

"బతుకుతుండె అక్కా. లోతు తగ్గినకాడ సుడి దానంతట అదే మెత్తవడ్డది. బరువుతోని పని లేకుండె."

అమ్మ ఆయిన దిక్కు తిరిగింది.

"గా ముచ్చట అప్పుడు నీకు తెలుసా?"

"తెల్వదు."

"మీ బావకు?"

"ఆయినకు సుత తెల్వదు."

"మరింకేంది? మనం మునుగుతమనుకున్నడు, దుంకిండు." జర ఆగి, "ఇన్నేండ్ల సంది దీన్ని కడుపుల పెట్టుకొని తిరిగినవా?" అన్నది.

అమ్మ లేసి, చెప్పులిడిసి, అలల్లకు నడిచింది. మోకాళ్లదాక దిగి నిలవడ్డది. ఒడ్డు మీది చెప్పులను నీళ్లు గుంజుకపోతుంటె మామ ఉరికి అందుకున్నడు. అమ్మ మళ్లొచ్చేదాక ఆ రెండు చెప్పులు చేతుల పట్టుకొని, తడిసిన పాయింటుతోని ఆడ్నే నిలవడ్డడు.