విప్పని సంచికి పెట్టిన బొట్టు

ఒంట్లో బలమూ నోట్లో నిజమూ తానే అయిన ఆంజనేయస్వామికి ముందుగా నమస్కారం. ఎవరి లోపల ఏముందో తెలిసి కూడా గుమ్మం దగ్గర ఎవరినీ ఆపని దయ ఆయనది. ఆ దయ వల్లనే ఇన్నేళ్లుగా ఆయన ఎదుట నిలబడగలుగుతున్నాను. ఆ స్వామికి జయం పలికి నా సంగతి చెప్తాను.

మా ఇల్లు వెంగళరావు నగర్లో. నాన్న బడిపంతులు. ప్రతి మంగళవారం సాయంత్రం కాలనీ సత్సంగంలో శ్లోకాలు చదివి అర్థం చెప్పేవారు. ఎనిమిదో ఏట నుంచే నాకు ఆ చాపల మీద చోటుండేది. కాలేజీలో కరాటే నేర్పుతుంటే, "బలం కూడా భగవంతుడిచ్చిందే, నేర్చుకో," అన్నారు నాన్న. చదువైపోయాక కూడా మానబుద్ధి కాక ఫిల్మ్ నగర్లో ఒక రేకుల షెడ్డుకి వెళ్లేదాన్ని. సినిమా ఫైటర్లు సాధన చేసుకునే చోటు అది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర బస్సు దిగి, బండల పక్కన మట్టిదారిలో నడవాలి. షెడ్డు నడిపే మాస్టర్ హైదరాబాద్‌లోనే పుట్టిపెరిగిన మనిషి. ఒకప్పటి ఫైటర్. నడుము దెబ్బ తిన్నాక నేర్పడంలోకి దిగారు.

షెడ్డులో ఒక పక్క దారానికి పేపరు ముక్క వేలాడుతుండేది. గుద్దు ఆ కాగితానికి వేలెడు దూరంలో ఆగాలి, కాగితం మాత్రం గాలికి కదలాలి. సినిమా గుద్దు అదేనని మాస్టర్ చెప్పేవారు. స్తంభానికి కట్టిన సైకిల్ ట్యూబు రెండో కొసని చీలమండకి తగిలించుకుని కాలు లేపేవాళ్లం. కుర్చీ వీపు మీదుగా కాలిని మెల్లగా పదిసార్లు దాటించేవాళ్లం.

అన్నిటికీ మధ్యలో సంచి.

మందపాటి కాన్వాసుతో కుట్టిన నిలువెత్తు సంచి అది, ఇనప గొలుసుకి వేలాడేది. లోపల ఇసుక, రంపపు పొట్టు, పాత గుడ్డ పీలికలు. వారం పాటు దెబ్బలు తింటే ఇసుకంతా అడుక్కి దిగి, పైన మెత్తగా, కింద రాయిలా తయారయ్యేది. వానాకాలం చెమ్మకి మరీను. అందుకని వారానికోసారి దాన్ని దింపి, పట్టా మీద గుమ్మరించి, గడ్డలు చిదిపి, కలిపి నింపాలి. ఎవరి వంతయితే వాళ్లే నింపి, ముందుగా తామే పది తన్నులు తన్ని, అప్పుడు సంచికి కుంకుమ బొట్టు పెట్టాలి. తాజా బొట్టు కనిపిస్తే సంచి సిద్ధమని లెక్క. మిగతావాళ్లు సంచిని తాకి కళ్లకద్దుకుని మొదలుపెట్టేవాళ్లు. ఎవరూ నొక్కి చూసేవాళ్లు కాదు. బొట్టు మీద అంత నమ్మకం.

అక్కడ ఆడవాళ్లం ఇద్దరమే. రెండో అమ్మాయి నాకంటే రెండేళ్లు చిన్న, రహమత్ నగర్ నుంచి నడిచి వచ్చేది. వాళ్ల నాన్న సినిమా సెట్ల దగ్గర వడ్రంగి. మా సంచిలోకి రంపపు పొట్టు ఆయన తెచ్చిందే. నేను సరదాకి నేర్చుకునేదాన్ని, ఆమె బతుకుతెరువు కోసం. హీరోయిన్ చేసే ఫైట్లలో అప్పట్లో ఎక్కువగా సన్నగా ఉన్న మగ ఫైటర్‌కే చీర కట్టేవాళ్లు. మా షెడ్డులోనూ అలాంటి ఆయన ఒకరుండేవారు.

"మీసాలు గీక్కొని చీర కడితే ఆడదైతడా అక్కా? నడక జూడు, ఎడ్లబండి లెక్క," అనేది ఆమె, ఆయన వినేలాగానే.

"నీకేం ఎరుక? కొంగు సర్దుడు మా ఇంటామెకంటె నాకే బాగొస్తది," అనేవారాయన.

అలాంటి ఒక వానాకాలంలో కబురొచ్చింది. ఒక కొత్త సినిమాకి ఫైట్లు కూర్చే పెద్ద మాస్టర్ శుక్రవారం వస్తున్నారట. ఆడపిల్లే తన్నితే ఎలా ఉంటుందో చూస్తారట. నచ్చితే షూటింగుకి తీసుకుని, ఫైటర్ల యూనియన్ కార్డు కోసం ఆయనే మాట్లాడతారట. మా మాస్టర్ ఆ అమ్మాయినే నిలబెడతానన్నారు. విలన్ మోకాలి కింద తన్నే తన్ను కావాలన్నారని, ఆమె కబురొచ్చిన రోజు నుంచీ కింది తన్నే సాధన చేస్తోంది. అంటే సంచి అడుగున.

ఆ మంగళవారం సంచి విప్పే వంతు నాది.

ఆ సాయంత్రమే మా సత్సంగానికి బయటి ఊరి నుంచి ఒక స్వామీజీ వస్తున్నారు. ఆయన ముందు ఒక అధ్యాయం మొత్తం చూడకుండా చెప్పాల్సింది నేను. బయట వాన. సంచి దించి నింపడమంటే గంటన్నర పని. పైన అరచేత్తో తట్టి చూశాను, మెత్తగానే ఉంది. ఒక్క వారానికి ఏమవుతుందిలే అనుకున్నాను. కిటికీలో కుంకుమ భరిణ ఉంది. బొట్టు పెట్టి బస్సెక్కాను.

ఒక్క అక్షరం తప్పు పోకుండా చెప్పాను. స్వామీజీ పండు చేతిలో పెడుతూ నా వేలికున్న ఎరుపు చూసి, "పూజ చేసుకుని వచ్చావా తల్లీ," అన్నారు. తల ఊపాను.

బుధవారం పొద్దున నేను వెళ్లేసరికి ఆమె సంచిని తాకి కళ్లకద్దుకుంటోంది. నేను గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాను. ఆగమని ఒక్క మాట అంటే సరిపోయేది. పక్కనే మాస్టర్ నిలబడి ఉన్నారు, ఆ మాట అనకుండా రెండో చెప్పు కూడా విడిచాను. ఇన్నేళ్లలో నేను ఎక్కువగా తలుచుకున్నది బొట్టు పెట్టిన క్షణాన్ని కాదు, చెప్పులు విడిచిన ఆ క్షణాన్నే.

రోజూ వినిపించే మెత్తటి చప్పుడు కాదు, గోడకి కర్ర తగిలినట్టు వినిపించింది. ఆమె పాదం పట్టుకుని కింద కూర్చుండిపోయింది.

"సంచి ఎవరు విప్పిన్రు?" అన్నారు మాస్టర్.

"నేనే మాస్టర్," అన్నాను.

ఆయన బొట్టు చూశారు. ఆమె వైపు తిరిగి, "ఎన్నిసార్లు జెప్పిన బిడ్డా, పాదం తిప్పి తన్నొద్దని? బొట్టు వెట్టిన సంచిది తప్పెట్లయితది?" అన్నారు.

"నాదే తప్పు మాస్టర్," అంది ఆమె, పళ్లు బిగపట్టి.

ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లాక, షెడ్డులో ఎవరూ లేనప్పుడు సంచి దింపాను. అడుగున ఇసుకా పొట్టూ బెల్లం దిమ్మలా గట్టిపడి ఉన్నాయి. రాయితో కొట్టి పొడి చేశాను. మళ్లీ నింపి, ఈసారి పది తన్నులూ తన్నాను. చేసిన తప్పుకి సాక్ష్యం కూడా అలా నా చేతులతోనే చెరిపేశాను.

పాదంలో రెండు ఎముకలు విరిగాయి, కట్టు కట్టారు. శుక్రవారం నన్ను నిలబడమన్నారు మాస్టర్. "మాది సంప్రదాయం ఉన్న ఇల్లు మాస్టర్, ఒప్పుకోరు," అన్నాను. "ఇజ్జతున్న పిల్ల," అని ఆయన అందరి ముందూ మెచ్చుకున్నారు. ఎప్పటిలా ఆ సన్నటాయనకే చీర కట్టారు. ఆడపిల్ల కావాలని ఆ షెడ్డుకి మళ్లీ కబురు రాలేదు. ఆమె ఎముక వంకరగా అతుక్కుంది, ఆ కాలి మీద బరువు నిలిచేది కాదు. కొన్నాళ్లకి రావడం మానేసింది. నేనూ మానేశాను.

స్వామికి మాత్రం చెప్పుకున్నాను. ఉపవాసాలున్నాను, ప్రదక్షిణాలు చేశాను, సత్సంగంలో సత్యం గురించి శ్లోకం వచ్చినప్పుడల్లా తల దించుకున్నాను. దేవుడికి చెప్పాక మనిషికి చెప్పనక్కరలేదని నాకు ఏ శాస్త్రమూ చెప్పలేదు. నాకు వీలుగా నేనే అనుకున్నాను.

నిరుడు టోలిచౌకి దగ్గర ఒకామె ఆడపిల్లలకు తన్నులు, గుద్దులు నేర్పుతోందనీ, కొంచెం కుంటుతుందనీ విని వెళ్లాను. ఆమే. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది. పిల్లలు తాడాట ఆడుతుంటే, ఆ చప్పుడులోనే అంతా చెప్పేశాను.

ఆమె పిల్లల వైపే చూస్తూ విన్నది. తర్వాత, "దేవునికి జెప్పినవా?" అంది.

"రోజూ."

"గాయన కాలు ఇరగలేదు గదక్కా. నాకు జెప్పనీకె గిన్నేండ్లా?"

ఒక పిల్ల కాలికి చుట్టుకున్న తాడు విడదీసి వచ్చి, మళ్లీ నా ఎదురుగా కూర్చుంది.

"మాస్టర్ పొయ్యేదాకా గదే అన్నడు, పాదం తిప్పుడే నిన్ను ముంచిందని. నేను గూడ నమ్మిన. గీ పోరిలకు గూడ గదే జెప్తున్న, నన్ను జూసి నేర్చుకోండ్రి, నా లెక్క పాదం తిప్పకుండ్రి అని." కాసేపు తన పాదం వైపు చూసుకుంది. "మంగళవారం రా. సంచి విప్పేదుంది."

అప్పటి నుంచి ప్రతి మంగళవారం వెళ్తున్నాను. సత్సంగం కూడా ఆ వేళకే. ఇక రానని వాళ్లకి చెప్పేశాను, ఎందుకో కూడా చెప్పాను. సంచి గుమ్మరించి గడ్డలు చిదుపుతాను. ఈ వయసులో నా కాలు మోకాలి ఎత్తు దాటదు. కింది తన్నులే పది తన్ని, బొట్టు పెడతాను. అప్పుడు ఆమె వచ్చి, గొంతుక్కూర్చుని, సంచి అడుగుని నాలుగు వైపులా చేత్తో నొక్కి చూసుకుంటుంది. నా వైపు చూడదు. చూసుకున్నాకే పిల్లల్ని పిలుస్తుంది. క్షమించానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు.

ఇది చదివిన మీరు ఒక్క నిమిషం నాతో పాటు చేతులు జోడించండి. నా పాపం పోవాలని అడగవద్దు. ఆ మాస్టర్ ఏ లోకంలో ఉన్నా, ఆ పాదంలో తప్పు లేదన్న మాట ఆయనకి చేరాలని అడగండి. స్వామీ, ఆ అమ్మాయి సరిగ్గానే తన్నింది, నువ్వు చూశావు, ఆయనకి చెప్పు. ఈ మాట నాతో కలిసి మీరూ అనండి.