తీర్మానానికి అడ్డుపడిన తుమ్ములు

మా ఊరి గ్రామసభలన్నిటికీ నేను సొంతంగా నోటుపుస్తకం రాస్తాను. బడిపంతులుగా పదవీవిరమణ చేసిన నాటి నుంచీ ఇదే పద్ధతి. పంచాయతీ రిజిస్టరులో ఏం జరగాలో ముందే రాసి ఉంటుంది. నా పుస్తకంలో ఏం జరిగిందో ఉంటుంది. రెంటికీ పొంతన కుదిరిన సభను నేనింకా చూడలేదు.

ఈ ఏడాది మిరప కోతల కాలంలో జరిగిన సభ సంగతి ఇది. మా వీధి చివరి కుళాయిని పీకి, సర్పంచ్ గారి తమ్ముడి గేదెల పాక ముందు పెట్టాలని తీర్మానం. ఆ కుళాయి ఎదుటి ఇల్లు ఒక ముసలమ్మది. మిరపకాయల తొడిమలు తీసి బతుకుతుంది, మోకాళ్ళు అరిగిపోయాయి. కుళాయి కదిలితే ప్రతి బిందెకూ ఆమె ఊరి ఆ కొసకు నడవాలి.

అభ్యంతరాలకు వరుస సంఖ్యలు వేసి తీసుకువెళ్ళాను. సభ బడి ఆవరణలో. అందులో సగం మేర పట్టాలు పరిచి మిరపకాయలు ఆరబోశారు. అది నా మూడో అభ్యంతరం. నేను లేచేసరికి సర్పంచ్ గారు నవ్వారు.

"సంతకాలు నిన్ననే ఇంటింటికీ తిరిగి పెట్టించేశామండీ మాస్టారూ. ఇక చదవడమే. కూర్చోండి."

"సభ జరక్కముందే సంతకాలా?"

"అయ్యాక జనం దొరకరు కదండీ!"

ఆయన కాగితం తీసి "మన గ్రామ ప్రజల" అన్నారో లేదో, ముందు వరుసలో ఎవరో తుమ్మారు. మా ఊళ్ళో ఒంటి తుమ్ము వినబడితే పెళ్ళికొడుకైనా గడపలో ఆగిపోతాడు. సర్పంచ్ గారు కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ లేచారు. మళ్ళీ తుమ్ము. వెనక్కి తిరిగి చూద్దును కదా, ముసలమ్మ మరో ఇద్దరు ఆడకూలీలతో కలిసి కాయలు తిరగేస్తోంది. గలగలమంటున్న కాయల ఘాటు గాలివాటున నేరుగా సభ మీదికే వస్తోంది.

"ఏందమ్మో, ఇప్పుడే తిరగెయ్యాలా?" ముక్కు మూసుకుని అరిచాడు తమ్ముడు.

"పొద్దు వాలితే తేమెక్కుద్దయ్యా. కాయ మెత్తబడితే రైతు నన్నంటాడు, నిన్ను కాదు."

ఊరి నిర్ణయాలను ముక్కులకు వదిలిపెట్టే ఈ మూఢాచారాన్ని నా ఉద్యోగకాలమంతా తరగతి గదిలో ఖండించాను. ఆనాడు మాత్రం ప్రతి తుమ్ముకూ ఒక గీత గీస్తూ, తరువాతి దానికోసం ఎదురుచూశాను. సర్పంచ్ గారు ఆరుసార్లు లేచి ఆరుసార్లు కూర్చున్నారు. చెంబు ఖాళీ అయి రెండోది వచ్చింది.

అంతలో గాలి పడిపోయింది. జనం ముక్కులు తుడుచుకున్నారు. ఏడోసారి ఆయన మొదటి వాక్యాన్ని నిర్విఘ్నంగా ముగించి, "సదరు కుళాయిని" దాకా వచ్చారు. ముసలమ్మ కాయలు వదిలేసి నిలబడిపోయింది.

నేను తుమ్మాను. ఒక్కటే, గట్టిగా.

సర్పంచ్ గారు కాగితం మడిచేశారు. "మాస్టారంతటివారే తుమ్మాక ఇంకేముందిలెండి. దీనికి యోగం లేదు. కొట్టెయ్యవయ్యా సెక్రటరీ!"

"అన్నయ్యా, నా గేదెలు..."

"నీ గేదెలకు చెరువుంది, కూర్చోరా!"

మర్నాడు పొద్దున్నే కుళాయి దగ్గర ముసలమ్మ నన్ను ఆపింది.

"మాస్టారూ, తుమ్ములన్నీ నా కాయలవేగానీ, ఆ ఆఖరిది మాత్రం కాదండీ."

"పడిశం పట్టిందమ్మా," అన్నాను కాస్త కటువుగా.

"పట్టుద్దండీ, పట్టుద్ది," అంటూ నిండిన బిందెను చంకనెత్తుకుని, నాలుగడుగుల్లో తన గడప దాటింది.