మగవాళ్ల మెట్లు

పందొమ్మిదివందల డెబ్బైల చివర్లో మా ఆయన పోతే ఈ అమెరికాలోనే బూడిద చేసి, బోస్టన్‌కి ఉత్తరాన ఓ చలి ఊళ్లో షేకర్ల ఇంట్లో వంటకి కుదిరాను. షేకర్లంటే పెళ్లి చేసుకోని క్రైస్తవులు. ఆడా మగా తోబుట్టువుల్లా ఒకే కప్పు కింద ఉంటారు. గుమ్మాలు రెండు, మెట్లు రెండు వైపులా. ఒకరి మెట్లు ఒకరు తొక్కకూడదు. కడుపున పుట్టేవాళ్లు ఉండరు కనుక అనాథల్ని తెచ్చి పెంచేవారట. ఒకప్పుడు వందమంది ప్రార్థనలో చిందులేస్తే నేల అదిరేదట. పెంచిన పిల్లలు మిల్లు పనులకి పోయారు. కొత్తవాళ్లు రాలేదు. నేను వెళ్లేసరికి మిగిలింది ఇద్దరు ముసలమ్మలు. పెద్దామెకి చూపు లేదు. తనతో ఈ ఇంటి దీపం ఆరిపోతుందని ఆమె దిగులు.

ఓ మధ్యాహ్నం ఆడవాళ్ల మెట్లు కడిగి, ఇంకా తడిగా ఉన్నాయని, సూప్ గిన్నెతో మగవాళ్ల మెట్లెక్కాను. తప్పు నాదే. మంచు బూట్లు కాళ్లకే ఉన్నాయి. అడుగడుగూ దబ్బుదబ్బుమని మోగింది. పైన పెద్దామె లేచి నిలబడింది. మొహం వెలిగిపోతోంది.

"బ్రదర్ ఎవరో వచ్చారు!"

నేనేనని చెప్పలేక గిన్నె కింద పెట్టాను.

పక్కనే ఉన్న చిన్నామె నన్ను చూసి నవ్వింది. "ఇన్నేళ్లకి వచ్చాడా? అయితే ముందు కట్టెలు కొట్టమను, ప్రార్థన తర్వాత చూద్దాం."

పెద్దామె వినిపించుకోలేదు. తడుముకుంటూ మగవాళ్ల బల్లమీద కంచం పెట్టింది. అతను కూర్చునేదాకా తినదట. ఆ రోజు తినలేదు. మర్నాడూ తినలేదు. మూడోనాడు ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాను.

"సిస్టర్, అది నేనే. బూట్లతో ఎక్కాను. క్షమించండి."

పెద్దామె మొహం నావైపు తిప్పింది.

"తెలుసే అమ్మాయ్. నీ ఆయాసం వినపడింది."

"తెలిసీ తిండి మానేశారా?"

"తెలిసిందాన్ని మింగడానికి టైమ్ పట్టింది." నా తల తడిమింది. "రేపూ అటే రా. బూట్లు విప్పకు."

నియమం తప్పమని ఆమే చెబుతోంది. చిన్నామె సూప్ గిన్నె ఆమె ముందుకి జరిపింది. ఆ పూట పెద్దామె నాలుగు చెంచాల సూప్ తాగింది.

ఆమె పోయేదాకా రెండు చలికాలాలు అటే ఎక్కాను. ఎక్కుతుంటే నా వెనక ఇంకా చాలామంది ఎక్కుతున్నట్టుండేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరేమోనని భయం, ఉంటారేమోనని ఇంకా భయం. ఒక్కరోజు కూడా తిరిగి చూడలేదు.