స్కానింగ్ గదిలో వినిపించిన నా గొంతు

దెయ్యాలనీ, గాలి సోకడాలనీ ఎవరైనా చెబితే నవ్వేసేవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం నాది, చీకట్లో తోటల్లో ఒంటరిగా తిరిగినవాణ్ణి. ఈ సంగతి రాయడానికి నాకు భయం లేదు. సిగ్గుగా ఉంది.

నా భార్య సత్యవతికి మూర్ఛ ఉంది. కిందపడి కొట్టుకునే రకం కాదు. ఉన్నట్టుండి చూపు నిలిచిపోతుంది, పెదాలు చప్పరిస్తుంది, గోడవైపు చూస్తూ "ఆయ్... ఆయ్" అంటుంది. మా వైపు మర్యాదగా చెప్పే 'అవును' అది. కాసేపటికి మామూలైపోతుంది.

అది జబ్బని తెలిశాక కూడా నాకు తలవంపులుగానే ఉండేది. పెళ్లిళ్లకి తీసుకెళ్లడం మానేశాను. నలుగురిలో వస్తే "ఏమేవ్, ఎవరితో మాట్లాడతన్నావ్?" అని పైకి నవ్వుతూనే కసిరేవాణ్ణి. పేరు పెట్టి పిలిచే అలవాటే లేదు.

ఈమధ్య మందులకి లొంగకపోవడంతో అమలాపురం డాక్టరుగారు ఎమ్మారై తీయించమన్నారు. మెదడు ఒక్కచోటే దెబ్బతిని ఉంటే ఆపరేషన్‌తో తగ్గే అవకాశం ఉందట, అంతటా ఉంటే కష్టమట. మా ఆశంతా ఆ 'ఒక్కచోటు' మీదే పెట్టుకున్నాం.

లోపలికి వెళ్లేముందు ఒంటి మీద బంగారం ఉండకూడదన్నారు. సూత్రాలు తీయడానికి ఆమెకి మనసొప్పలేదు. మెడలో పసుపు కొమ్ము కట్టుకున్నాకే వాటిని తీసి నా చేతిలో పెట్టింది. జేబులో వేసుకుని అద్దానికి ఇవతల టెక్నీషియన్ పక్కన కూర్చున్నాను. అతను కడప నుంచి కొత్తగా వచ్చాడట. యంత్రం మోత ఆగినప్పుడల్లా లోపలి మాట స్పీకర్లో వినిపిస్తుంది. ఇంతలో లారీ లోడు గురించి ఫోనొస్తే వరండాలోకి వెళ్లిపోయాను.

తిరిగొచ్చేసరికి స్కాన్ ఆపేసి ఉంది.

"ఆయమ్మ 'ఆయ్, ఆయ్' అంటాంది సార్, నొప్పేమోనని ఆపినా" అన్నాడు.

అది నొప్పి కాదు, మా వైపు 'అవును' అని చెప్పాను. అతను నన్ను అదోలా చూశాడు.

"అట్లయితే మీరడిగినదానికి జవాబు చెప్పినట్టుంది. 'బేబీ, భయమేస్తందా?' అని నా వెనక నుంచి అడిగింది మీరే కదా సార్?"

నేను గదిలోనే లేనన్నాను. "గొంతు మీదే సార్" అని స్కాన్ మళ్లీ మొదలుపెట్టాడు.

బేబి ఆమె పుట్టింటి పేరు. ఆసుపత్రి కాగితాల్లో ఎక్కడా లేదు. పెళ్లయిన కొత్తలో నేనూ అలాగే పిలిచేవాణ్ణి, ఎప్పుడు మానేశానో గుర్తులేదు.

మర్నాడు డాక్టరుగారు బొమ్మలు చూసి, దెబ్బ ఒక్కచోటే కాదనీ, మెదడు రెండు వైపులా చాలా చోట్ల పల్చబడిపోయిందనీ చెప్పారు. ఆపరేషన్ మాట మరిచిపొమ్మన్నారు. ఆ గొంతు సంగతి చెబితే, లేని గొంతులు వినిపించడం ఈ జబ్బులో మామూలేనన్నారు. మరి టెక్నీషియన్‌కి ఎలా వినిపించిందండీ అని అడిగాను.

"పొరబాటు పడ్డాడేమోనండి" అన్నారు, నా వైపు చూడకుండా.

తిరుగు ప్రయాణంలో ఆటోలో నా మొహం చూసి ఆమే నన్ను ఓదార్చింది. "ఏం పర్లేదండి. అదొచ్చినప్పుడల్లా మీరు అడుగుతారు కదండీ, భయమేస్తందా అని. ఆయ్ అంటాను. మీరున్నారని ధైర్యం వచ్చేస్తాది."

ఆ మాట నేను ఆమెని ఒక్కసారి కూడా అడగలేదు. అడగలేదని చెప్పే ధైర్యమూ చాలలేదు. దారి పొడుగునా తల దించుకునే కూర్చున్నాను.

ఆ రోజు ఆ గదిలో మాట్లాడింది ఎవరో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఇప్పుడు అది వస్తోందని తెలియగానే పని వదిలేసి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంటాను. అడుగుదామని నోరు తెరిచేలోపే ఆమె గోడవైపు చూస్తూ "ఆయ్" అనేస్తుంది.