రొయ్యల చెరువు మీద కెన్యా నియమం

మళ్ళీ కెన్యా వెళుతున్నానని, నాకు కూడా టికెట్ తీస్తానని, పెదనాన్న ఈ ఉదయం భీమవరం నుంచి ఫోన్ చేశారు. రానని చెప్పాను. కారణం ఆయన అడగలేదు. అడగకపోవడమే ఆయన తెలివి. కాలేజీ డిబేట్లలో నాతోపాటు గొంతు చించుకున్న మీకైనా ఆ కారణం చెప్పుకోవాలనిపిస్తోంది.

డిగ్రీ చివరి ఏడాది సెలవుల్లో ఆయనే నన్ను అక్కడికి తీసుకువెళ్ళారు. రొయ్యల సాగులో స్థిరపడ్డాక ఆయనకు పట్టుకున్న వ్యసనం ఫొటోలు. ఏనుగు చెవి కదిలేదాకా, గద్ద రెక్క విప్పేదాకా జీపులో ఊపిరి బిగబట్టి కూర్చునేవారు, నేను చిప్స్ పొట్లం చింపినా కళ్ళెర్రజేసేవారు. ఒక మధ్యాహ్నం ఎండిపోతున్న వాగు బురదలో జీబ్రా పిల్ల ఒకటి కూరుకుపోయి, తల్లి గట్టు మీద అటూ ఇటూ తిరుగుతుంటే, తాడు వేసి లాగుదామని నేను బతిమాలాను. డ్రైవర్ ఒప్పుకోలేదు. చూడడానికి వచ్చినవాళ్ళు చూసి వెళ్ళాలి తప్ప అడవి పనిలో చెయ్యి పెట్టకూడదని, అది అక్కడి నియమమని చెప్పాడు. ఏడుస్తూనే ఆ నియమానికి తలవంచాను. మనిషి తన హద్దు తెలుసుకున్న వినయం అందులో కనిపించింది.

తిరిగొచ్చిన కొద్ది రోజులకు, తెల్లవారుతూనే పెదనాన్న నన్ను తన చెరువుల మీదికి తీసుకువెళ్ళారు. పక్షులు వాలితే ఒక చెరువు జబ్బు ఇంకో చెరువుకు పాకుతుందని మన వైపు నీళ్ళ మీద నైలాన్ దారాలు వరసగా బిగించి కడతారు. ఆ భయం అబద్ధమని నేనూ అనను. ఆ రోజు చెరువు నడిమధ్య దారానికి తెల్ల కొంగ ఒకటి రెక్క చుట్టుకుపోయి, వేలాడుతూ కొట్టుకుంటోంది. తెప్ప పంపి ఆ ఒక్క దారం కోయించమన్నాను.

"అడవి పనిలో చెయ్యి పెట్టకూడదని అక్కడ విన్నావు కదే," అన్నారు ఆయన, కెమెరా తుడుచుకుంటూ.

"ఆ దారం అడవి కట్టిందా పెదనాన్నా? మీరు కట్టించారు."

ఆయన పక్కనున్న రొయ్యల వ్యాపారి వైపు తిరిగి నవ్వారు. "చూశారాండీ, డిబేట్లలో కప్పులిచ్చి మా పిల్లకి నోరు పెంచేశారు. ఊఁ, చెప్పమ్మా, అది కోస్తే మిగతావి వదులైపోవూ? పంటకి జబ్బొస్తే పూచీ ఎవరిది?"

నేను చెప్పాను. కోసిన దారం గంటలో మళ్ళీ కట్టవచ్చని, కుళ్ళిన కొంగ నీళ్ళలో పడితే జబ్బుకు దారి ఇంకా సులువని, ఆయన వేసిన ప్రతి ప్రశ్నకూ వరసగా జవాబు చెప్పాను. అమ్మాయిగారన్నదే న్యాయమండి అని వ్యాపారి కూడా ఒప్పుకున్నాడు.

"సరే, నువ్వే గెలిచావు. తెప్ప విప్పమంటాను," అన్నారు పెదనాన్న తీరిగ్గా.

అప్పటికి కొంగ మెడ వాలిపోయింది. రెక్క కదలిక కోసం గంటలు కాచుకునే ఆ కన్ను, ఆ రెక్క ఆగిపోవడం గమనించలేదంటే నేను నమ్మను.

నాకు పిట్టల పేర్లు నేర్పింది ఆయనే. చిన్నప్పుడు స్కూటర్ ముందు నిలబెట్టుకుని, కొవ్వూరు దాకా గోదావరి గట్టు వెంట తీసుకువెళుతూ, వాలిన ప్రతిదాన్నీ పేరు పెట్టి చూపించేవారు. ఈనాటికీ లకుముకి పిట్ట కనబడితే దాని పేరు నాకు ఆయన గొంతులోనే వినిపిస్తుంది. దేన్నైనా అంత శ్రద్ధగా చూసేవాడు దానికి హాని చేయలేడని ఆ రోజుల్లో నేను నమ్మేదాన్ని. ఆ నమ్మకం లేకుండా పిట్టలను చూడడం ఇంకా నాకు చేతకావడం లేదు.